బ్యాటరీ పోయిందంటారు గానీ...

వ్యాన్ స్టార్ట్ కాకపోతే అందరి నోటా వచ్చే మొదటి మాట "బ్యాటరీ పోయింది". మెకానిక్ అంటాడు, పక్కన ఆటో అన్న అంటాడు, దారిన పోయేవాళ్ళు కూడా ఆగి చెప్పి పోతారు. కొన్నిసార్లు అది నిజమే. కానీ చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది, దాన్నుంచి కరెంటు పోయే దారిలో ఎక్కడో అడ్డం ఉంటుంది. ఈ రెండిటికీ తేడా కనుక్కోవడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. కొన్ని వందల రూపాయల మల్టీమీటరు, పది నంబరు స్పానరు, కాస్త ఓపిక ఉంటే చాలు. నేను బి.ఏ. రెండో సంవత్సరం, ఫిజిక్సుని టెన్త్‌తోనే వదిలేశాను, అయినా చెప్తున్నాను.

నేను చూసింది మా అమ్మ టిఫిన్ వ్యాన్. బాగా పాతది. వెనక సీట్లు తీసేసి స్టవ్వు, గిన్నెల స్టాండు, బల్ల పెట్టించాం. హోసూరు సిప్‌కాట్ దగ్గర షిఫ్టు మారేవేళకి అక్కడ నిలబడాలి, అంటే ఇంట్లో నాలుగున్నరకే సెల్ఫ్ కొట్టాలి. లోపల లైట్లు, పొగ లాగే ఫ్యాను, చట్నీకి మిక్సీ. ఆ రోజు బండి కదలకపోతే రుబ్బిన పిండి మధ్యాహ్నానికి పులిసి పొంగిపోతుంది, కొబ్బరి సంగతి సరేసరి. అందుకే "బ్యాటరీ మార్చేయండక్కా" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు మండుతుంది. పెద్ద బ్యాటరీ ఒకటి కొనాలంటే పది వేలకు పైమాటే.

విదేశాల్లో మోటర్‌హోమ్ అని బండిలోనే మంచం, వంటిల్లు పెట్టుకుని తిరుగుతారు కదా, దాని వైరింగూ మా వ్యాన్ వైరింగూ ఒకటే జాతి. రెండిట్లోనూ బ్యాటరీలు రెండు. ఒకటి ఇంజిన్ కోసం. సెల్ఫ్ మోటారుని తిప్పడానికి కొన్ని సెకన్లు మాత్రం వంద, రెండొందల ఆంపియర్లు ఒక్కసారిగా ఇవ్వాలి. అందుకని దాని లోపల సీసం పలకలు పల్చగా, ఎక్కువగా ఉంటాయి. రెండోది లోపలి లైట్లకీ ఫ్యానుకీ. గంటల తరబడి కొంచెం కొంచెంగా ఇవ్వాలి, దాని పలకలు మందం. మొదటిది వంద మీటర్ల పరుగుపందెం అమ్మాయి, రెండోది బావి నుంచి ఇంటిదాకా బిందె మోసే అమ్మాయి. పరుగు అమ్మాయి నెత్తిన రోజూ బిందె పెడితే తొందరగా పాడవుతుంది. లోపలి లైట్లు ఇంజిన్ బ్యాటరీకే తగిలించిన బండ్లలో జరిగేది అదే. పూర్తిగా ఖాళీ అయిన సీసం బ్యాటరీని అలాగే వదిలేస్తే పలకల మీద సల్ఫేట్ గడ్డకట్టి, తర్వాత ఎంత చార్జి పెట్టినా సరిగ్గా ఎక్కదు.

రెండిటి మధ్య ఒక రిలే ఉంటుంది. ఇంజిన్ తిరిగేటప్పుడు రెండిటినీ కలిపి ఆల్టర్నేటర్ చేత చార్జి చేయిస్తుంది, ఇంజిన్ ఆపగానే విడదీస్తుంది. కాబట్టి బండి "చచ్చిపోయింది" అన్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ఏ బ్యాటరీ? హెడ్‌లైటు, హారను, సెల్ఫ్ పనిచేయకపోతే మొదటిది. బండి స్టార్టయి లోపల మాత్రం చీకటైతే రెండోది.

(మధ్యలో ఒక మాట. మన పాఠ్యపుస్తకంలో సెల్‌ని విద్యుత్ ఘటం అంటారు, మా నాన్న తమిళ పుస్తకంలో మిన్‌కలం. మెకానిక్ షెడ్డులో రెండూ ఎవరికీ అక్కర్లేదు, అందరికీ "సెల్లే".)

పన్నెండు వోల్టుల బ్యాటరీలో ఆరు సెల్లులు, ఒక్కోటి సుమారు 2.1 వోల్టులు. ఫ్రెంచివాడు గాస్టన్ ప్లాంటే 1859లో చేసిన సీసం బ్యాటరీ సూత్రమే ఇప్పటికీ. బండి నిలిపి కొన్ని గంటలయ్యాక, అన్నీ ఆపేసి, మీటరు డి.సి. 20 మీద పెట్టి చూస్తే 12.6 లేదా 12.7 వస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.2 అంటే సగం. 12 అంటే మనకి పన్నెండే కదా అనిపిస్తుంది గానీ పావు వంతే మిగిలినట్టు. బండి ఆపిన వెంటనే చూడకూడదు, అప్పుడు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి మోసం చేస్తుంది. ఇంజిన్ తిరుగుతుండగా అదే చోట సుమారు 13.8 నుంచి 14.4 దాకా రావాలి. పన్నెండున్నరలోనే ఉండిపోతే బ్యాటరీకి చార్జి రావట్లేదన్నమాట. బెల్టు, ఆల్టర్నేటరు, లేదా దాని వైరు చూడాలి. అప్పుడు కొత్త బ్యాటరీ వేసినా అది రెండు రోజుల్లో డౌనే.

ఇప్పుడు అసలు సంగతి. మార్గశిరంలో మా ఊరి చలి మీకు తెలుసు. చలికి ఇంజిన్ ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలమూ తగ్గుతుంది. అలాంటి ఒక పొద్దున సెల్ఫ్ కొడితే టిక్, టిక్, అంతే. వచ్చిన మెకానిక్ బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూసి "పోయిందక్కా" అన్నాడు. మీటరు పెడితే 12.5. ఇంత ఉన్నది పోవడమేంటి అని అమ్మ, నేను ఇంకో పరీక్ష చేశాం. దీన్ని వోల్టేజి డ్రాప్ చూడటం అంటారు. నాకు అన్నిటికన్నా నచ్చిన పరీక్ష ఇదే, ఎందుకంటే అడ్డం ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తుంది.

మీటరు నల్ల పుల్ల బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద (క్లాంపు మీద కాదు, మధ్యలో ఉన్న సీసం మొటిమ మీద), ఎర్ర పుల్ల ఇంజిన్ మీద గీకిన ఇనుము మీద. ఒకరు సెల్ఫ్ కొట్టాలి. దారి బాగుంటే ఈ రెండు చోట్లకీ తేడా దాదాపు ఉండదు, అర వోల్టు దాటకూడదు. మాకు 1.8 వచ్చింది. అంటే సెల్ఫ్ మోటారుకి చేరాల్సిన దాంట్లో 1.8 వోల్టులు దారిలోనే ఖర్చవుతున్నాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 150 ఆంపియర్లు పోతాయనుకోండి, ఓములో వందో వంతు కొంచెం దాటిన అడ్డం చాలు దీనికి. అంత చిన్న అడ్డం మామూలుగా మీటరుతో కొలిస్తే కనిపించదు, లైటు వేసినా తెలీదు, ఎందుకంటే లైటు తాగేది నాలుగైదు ఆంపియర్లే. అందుకే "హెడ్‌లైటు బాగా వెలుగుతోంది, సెల్ఫ్ మాత్రం పట్టట్లేదు" అనేది.

బండిలో నెగటివ్ వైరు తిరిగి రావడానికి బండి ఇనుమునే వాడతారు. బాడీ ఎర్త్ అనేది అదే. బ్యాటరీ నుంచి బాడీకి ఒక పట్టీ, బాడీ నుంచి ఇంజిన్‌కి ఇంకో పట్టీ. పుల్లని ఒక్కో చోటికి జరుపుకుంటూ పోతే, ఎక్కడ అంకె ఒక్కసారిగా ఎగురుతుందో తప్పు అక్కడే. మాది ఇంజిన్‌కి పోయే పట్టీ. బోల్టు కింద తుప్పు, పైన ఎవరో కొట్టిన పెయింటు. విప్పి, ఎమరీ కాగితంతో రెండు వైపులా ఇనుము మెరిసేదాకా గీకి బిగిస్తే 0.2. బండి లేచింది. ఖర్చు కాగితం ముక్క.

ఈ పని చేసేముందు గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేకు వేసి ఉండాలి. చున్నీ తీసి పక్కన పెట్టండి, జడ ముడేసుకోండి, ఫ్యాను బెల్టు ఎవర్నీ చూడదు. చేతి గాజులు, ఉంగరం కూడా తీయాలి. బంగారమైనా ఇనుమైనా కరెంటుకి ఒకటే, స్పానరుకీ బాడీకీ మధ్య గాజు తగిలితే ఎర్రగా కాలుతుంది. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న. ముందు పాజిటివ్ విప్పుతుంటే స్పానరు జారి బాడీకి తగిలిందంటే షార్టు, మంట. నెగటివ్ ముందే తీసేస్తే తగిలినా ఏమీ కాదు. టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పూసే బూజుని నీళ్ళలో కలిపిన వంటసోడాతో కడగొచ్చు, అది ఆసిడ్‌ని విరిచేస్తుంది. సెల్లు మూతల లోపలికి మాత్రం ఒక్క చుక్క పోకూడదు. ఆరాక బిగించి పైన వాజలిన్ పూయాలి. నీళ్ళు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటరే, కుళాయి నీళ్ళు వద్దు. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి అగ్గిపుల్ల వెలుగులో తొంగి చూడటం అస్సలు వద్దు.

రెండో బ్యాటరీ కథ ఇంకా తమాషా. మిక్సీ వేయగానే ఇన్వర్టరు కూత పెట్టి ఆగిపోయేది. దాని మీద "లో బ్యాటరీ" అనే లైటు. షాపులో "సెల్ పోయింది" అన్నారు. మీటరు పెట్టి మిక్సీ వేశాం. బ్యాటరీ దగ్గర 12.1, అదే క్షణం ఇన్వర్టరు దగ్గర 9.9. ఇన్వర్టరు 10.5 కిందికి పోతే ఆగేలా చేసి ఉంటుంది, అది తన డ్యూటీ తాను చేస్తోంది పాపం. మిగిలిన 2.2 వోల్టులు వైరు తింటోంది.

లెక్క ఇలా. మిక్సీ 400 వాట్లు లాగితే, పన్నెండుతో భాగిస్తే 33 ఆంపియర్లు, ఇన్వర్టరు తినేది కలిపితే 38 దాకా. ఇంట్లో ప్లగ్గులకి వేసే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేశారు మాకు. ముందు నుంచి వెనక్కి నాలుగు మీటర్లు, పోనూ రానూ ఎనిమిది. అంత వైరుకి అడ్డం సుమారు 0.059 ఓములు. 38తో గుణిస్తే 2.2, మీటరు చెప్పిందే. ఆ పోయిన కరెంటంతా వేడి అయ్యి వైరు తొడుగుని మెత్తబరుస్తుంది, వంట గ్యాసు ఉన్న బండిలో! బ్యాటరీ మార్చి ఉంటే డబ్బూ పోయేది, ప్రమాదమూ అలాగే ఉండేది.

మార్చింది ఇన్వర్టరు చోటు. బ్యాటరీ పెట్టె పక్కనే, అడ్డుచెక్కకి ఇవతల, మీటరు కన్నా తక్కువ పొడవు 25 చదరపు మిల్లీమీటర్ల వైరుతో, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించి. పొడవాటి దారి ఇప్పుడు 230 వోల్టుల వైపు ఉంది. అక్కడ అదే 400 వాట్లకి రెండు ఆంపియర్లు కూడా పోవు, కాబట్టి మామూలు వైరులోనూ నష్టం లెక్కకి రాదు. ఊళ్ళ మధ్య పెద్ద టవర్ల మీద లక్షల వోల్టుల్లో కరెంటు తీసుకుపోయేది కూడా ఇందుకేనట, ఆ లెక్క వేశాకే నాకు అర్థమైంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: పన్నెండు వోల్టుల వైపు మనం చూసుకోవచ్చు గానీ 230 వైపు తెలిసినవాళ్ళే చేయాలి.

రెండో బ్యాటరీకి చార్జి ఎక్కుతోందా అన్నది చిటికెలో తేలుతుంది. ఇంజిన్ తిరుగుతుండగా మొదటిదాని మీద 14.1, రెండోదాని మీద ఇంకా 12.3 ఉంటే, మధ్యలో రిలేనో ఫ్యూజో. ఫ్యూజుని కంటితో చూసి నమ్మకండి, రెండు కాళ్ళ మీదా మీటరు పెట్టండి.

ఇంకో దొంగ ఉంటాడు, రాత్రి దొంగ. పొద్దున నిండుగా ఉన్నది నాలుగు రోజులు నిలిపితే ఖాళీ. దీనికి మీటరు ఎర్ర పుల్లని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, నెగటివ్ వైరు విప్పి, వైరుకీ పోస్టుకీ మధ్య మీటరుని వంతెనలా పెట్టాలి. అలా ఉండగా సెల్ఫ్ కొట్టకూడదు, మీటరు కాలిపోతుంది. అన్నీ ఆపేసిన పాత బండిలో 0.05 ఆంపియరు దాటకూడదు. మాకు 0.42 వచ్చింది, రోజుకి పది ఆంపియర్-అవర్లు. ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోతే, ఒకటి తీయగానే అంకె పడిపోయింది. పాత ఓనరు పెట్టించిన పాటల పెట్టె. తాళంచెవితో సంబంధం లేకుండా నేరుగా తగిలించి ఉంది. ఇళయరాజా పాటలు అందులోనే వినాలని నాన్న పట్టుబడితే దానికి విడిగా స్విచ్చు పెట్టించాం.

నిజంగా పోయిన బ్యాటరీ కూడా ఉంటుంది. పూర్తిగా చార్జి చేసి, వైర్లు విప్పి రాత్రంతా వదిలేసినా పొద్దునకి 12.4 కన్నా దిగిపోతే, లేదా ఎర్తులన్నీ బాగుండి సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడితే అనుమానించాలి. మూతలున్నదయితే హైడ్రోమీటరు తేల్చేస్తుంది. ఐదు సెల్లులు 1.26 చూపిస్తూ ఒక్కటి 1.15 దగ్గర ఉంటే ఆ ఒక్కటీ మిగతావాటిని లాగేస్తోంది, మార్చాల్సిందే. పాతది షాపులోనే ఇవ్వండి, ధరలో తగ్గిస్తారు, లోపలున్న సీసం విషం కూడా.

దారిలో ఆగిపోయి పక్క బండి సాయం అడిగితే వరస ఇది. ఎర్ర కేబులు ముందు ఆగిన బండి పాజిటివ్‌కి, రెండో కొన సాయం వచ్చిన బండి పాజిటివ్‌కి. నల్ల కేబులు సాయం బండి నెగటివ్‌కి, దాని ఆఖరి కొన మన బ్యాటరీకి కాదు, బ్యాటరీకి దూరంగా మన ఇంజిన్ ఇనుముకి. ఆఖరి కొన తగిలించేటప్పుడే నిప్పురవ్వ వస్తుంది, అది హైడ్రోజన్ దగ్గర రాకూడదని. సాయం బండిని కొన్ని నిమిషాలు నడవనిచ్చి అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. తీసేటప్పుడు ఇదే వరస వెనక నుంచి ముందుకి.