‘ఎవరు’, ‘ఎవరిని’ తెలిసిన పిల్లలకు హూ, హూమ్ కష్టమా?

బోనఫైడ్ సర్టిఫికెట్ల మీద, అనుభవ పత్రాల మీద ‘టు హూమ్ ఇట్ మే కన్సర్న్’ అనే మాట తరచు కనిపిస్తుంది. ‘ఇది ఎవరికి సంబంధించినదో వారికి’ అని దాని అర్థం. అక్కడ ‘హూ’ ఎందుకు రాయలేదని పిల్లలు అడిగితే మనలో చాలామంది తడబడతాం.

తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న చంద్రపూర్ జిల్లా గోండ్‌పిప్రి తాలూకాలో తెలుగు కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ. బడిలో హిందీ, ఇంగ్లిష్ కూడా తోడవుతాయి. ఇంగ్లిష్‌లో మార్కులు తగ్గగానే ‘ఇంట్లో తెలుగు మానేయండి’ అని సలహా ఇచ్చేవారుంటారు. హూ, హూమ్ విషయంలో మాత్రం ఆ సలహా పాటిస్తే నష్టమే. ఎందుకంటే ఆ తేడా మన భాషలో చక్కగా ఉంది.

‘ఎవరు వచ్చారు?’ అంటే పని చేసినవారి గురించి అడుగుతున్నాం. అది హూ. ‘ఎవరిని పిలిచావు?’, ‘ఎవరితో వెళ్లావు?’ అన్నచోట హూమ్. మరాఠీలోనూ కోణ్, కోణాలా అనే తేడా ఉంది. ఒకటో తరగతి పిల్లలు కూడా ‘ఎవరు పిలిచావు?’ అనరు. వారికి నియమం ముందే తెలుసు, ఇంగ్లిష్ మాటలు జోడించడమే మిగిలింది.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లిష్‌లోనూ విభక్తులు దండిగా ఉండేవి. తర్వాత చాలావరకు రాలిపోయాయి. హిమ్, హూమ్ మాటల చివరి ‘మ్’ ఆనాటి గుర్తే. మన ‘కి, కు’ చేసే పనిని అది చేసేది. అందుకే తరగతిలో ఈ చిట్కా పనికొస్తుంది: జవాబులో ‘హీ’ వస్తే ప్రశ్నలో హూ, ‘హిమ్’ వస్తే హూమ్.

అయితే తెలుగు పిల్లలు జారిపడే చోట్లు రెండున్నాయి. వాటిని ఉపాధ్యాయులు ముందే చెప్పాలి.

మొదటిది ‘ఎవరికి’. ‘ఎవరికి తెలుసు?’, ‘ఎవరికి ఆకలిగా ఉంది?’ అని మనం అంటాం. దాన్ని బట్టి హూమ్ రాస్తే తప్పు. ఇంగ్లిష్‌లో తెలిసిన మనిషే కర్త. కాబట్టి ‘హూ నోస్?’, ‘హూ ఈజ్ హంగ్రీ?’ అనాలి. ‘పుస్తకం ఎవరికి ఇచ్చావు?’ అన్నప్పుడు మాత్రం ‘టు హూమ్’ సరైనది. తెలుగు విభక్తిని చూసి ఆగిపోకుండా, హీ–హిమ్ చిట్కాతో సరిచూసుకోవాలి.

రెండోది ‘పిలిచిన మాస్టారు’ వంటి మాట. మాస్టారు మనల్ని పిలిచారా, మనం మాస్టారిని పిలిచామా? తెలుగులో సందర్భాన్ని బట్టి రెండూ కావచ్చు. ఇంగ్లిష్‌లో తేల్చి చెప్పాలి. మాస్టారు పిలిస్తే ‘ది టీచర్ హూ కాల్డ్ అజ్’, మనం పిలిస్తే ‘ది టీచర్ హూమ్ వుయ్ కాల్డ్’. ఇలాంటి వాక్యాన్ని ముందు రెండు చిన్న తెలుగు వాక్యాలుగా విడగొట్టిస్తే చిక్కు విడిపోతుంది. ‘మాస్టారు’ వచ్చిందా, ‘మాస్టారిని’ వచ్చిందా అన్నదే చూడాలి.

మరి మాట్లాడేటప్పుడు ‘హూ డిడ్ యూ సీ?’ అంటే తప్పా? కాదు. ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవారే అలా అంటారు. హూమ్ వాడుక తగ్గిపోతుందని భాషాశాస్త్రవేత్త ఎడ్వర్డ్ సపీర్ 1921లోనే రాశాడు. కానీ దరఖాస్తులు, అధికారిక లేఖలు, పరీక్ష పేపర్లలో ఇంకా హూమ్ ఆశిస్తారు. టు, విత్, ఫర్, ఫ్రమ్ వంటి మాటల వెంటనే వచ్చినప్పుడైతే మరీను. పిల్లల మాటను సరిదిద్దకండి, రాతను సరిదిద్దండి.

భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. 1956లో ఏడో సవరణతో అది చేరింది. బడి చేయాల్సింది బడి చేస్తుంది. ఇంట్లో చేయగలిగింది కూడా ఉంది. రాత్రి అన్నాల దగ్గర ‘ఈరోజు ఎవరు కనబడ్డారు? ఎవరిని కలిశావు? ఎవరితో ఆడావు?’ అని అడగండి. జవాబు తెలుగులో చెప్పాక, అదే ప్రశ్న ఇంగ్లిష్‌లో ఎలా రాస్తారో పిల్లలనే చెప్పమనండి. ఇంగ్లిష్ రాని అమ్మ కూడా ఈ పాఠం మొదలుపెట్టగలదు.