కోడిపిల్ల ముక్కు చూడండి

మిట్ట మధ్యాహ్నం. ఎండ మండిపోతోంది. కోడలు పని నుంచి ఇంటికి వచ్చింది. వస్తూనే గంప ఎత్తి చూసింది. గంప కింద పదకొండు కోడిపిల్లలు ఉండాలి. రెండు చచ్చి పడి ఉన్నాయి. మిగతావి ముక్కులు తెరిచి, రెక్కలు జార్చి ఎగపోస్తున్నాయి.

"అయ్యో అత్తా! తెగులు వచ్చినట్టుంది" అంది కోడలు.

అత్త వచ్చి చూసింది. "తెగులు కాదే అమ్మాయ్. పొద్దున గంప పెట్టినప్పుడు ఇక్కడ వేపచెట్టు నీడ ఉంది. ఆ నీడ అటు జరిగిపోయింది. గద్ద ఎత్తుకుపోతుందని గంప కింద పెట్టాం. గంప కిందే పోయాయి" అంది.

పిల్లల్ని నీడలోకి మార్చారు. మూకుట్లో చల్లని నీళ్లు పెట్టారు. కొంచెంసేపటికి తొమ్మిది పిల్లలూ ముక్కులు మూశాయి. నీళ్లు తాగాయి.

కోడికి చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువైతే నోరు తెరిచి ఎగపోస్తుంది. ఆ వేడి నోటి నుంచే పోవాలి. నీడలో పెడితే తేరుకుంటే అది ఎండ దెబ్బ. చల్లని పూట కూడా ముక్కు తెరిచే ఉంటే, గొంతులో గురగురమంటే, అది జబ్బు. ఈ తేడా తెలియాలి. నాటుకోడికి ఇప్పుడు మంచి ధర ఉంది. తొమ్మిది పిల్లలు పెరిగితే ఆ డబ్బు ఆడవాళ్ల చేతికే వస్తుంది. మరి పోతే పోయేదీ ఆ డబ్బే.

ముక్కు కొన మీద తెల్ల గింజ

గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకు ముక్కు కొన మీద చిన్న తెల్లని గింజలాంటిది ఉంటుంది. నూక అంటుకుంది అనుకుంటారు. అది నూక కాదు. 21 రోజులు పొదిగాక పిల్ల ఆ గింజతోనే పెంకు పగలగొట్టుకుని బయటికి వస్తుంది. కొద్ది రోజుల్లో దానంతట అదే రాలిపోతుంది. గోరుతో గిల్లవద్దు.

వంకర ముక్కు, మెత్తని ముక్కు

కొన్ని పిల్లలకు పై ముక్కు ఒక పక్కకు, కింద ముక్కు ఇంకో పక్కకు పోతుంది. కత్తెర నోరు తెరిచినట్టు ఉంటుంది. పుట్టుకతో రావచ్చు. దెబ్బ తగిలి రావచ్చు. ఇది అంటురోగం కాదు. ఆ పిల్ల నేల మీద గింజ ఏరుకోలేదు. అంతే. లోతుగా ఉన్న చిప్పలో తడిపిన మేత పెడితే తింటుంది, బతుకుతుంది. పెద్దయ్యాక దాని గుడ్లు మాత్రం పొదగేయవద్దు. ఆ వంకర పిల్లలకూ రావచ్చు.

ముక్కు పట్టుకుంటే రబ్బరులా వంగితే అది వేరే సంగతి. ఎముకకు బలం చాలలేదని అర్థం. ఎప్పుడూ చీకటి గదిలో ఉండే పిల్లలకు, ఒట్టి నూకలే తినే పిల్లలకు ఇది వస్తుంది. కాళ్లు కూడా వంకర పోతాయి. పొద్దుటి ఎండలో తిప్పండి. నూకలతో పాటు చెదలు, ఎండుచేపల పొడి, మెత్తగా దంచిన మొక్కజొన్న పెట్టండి. బూజు పట్టిన చెక్క, బూజు పట్టిన గింజలు పెట్టవద్దు. అవి విషం.

ముక్కు పక్కన పొక్కులు

ముక్కు మూలల్లో, కళ్ల రెప్పల మీద, జుట్టు మీద పొక్కులు లేస్తాయి. నల్లగా పెచ్చులు కడతాయి. "అమ్మోరు పోసింది" అంటారు. ఇది కోళ్ల మశూచి. మనుషుల మశూచి వేరు. అది 1980 నాటికే లోకంలో లేకుండా పోయింది. కోళ్ల మశూచి మనుషులకు అంటదు. దోమలు కుట్టి ఒక కోడి నుంచి ఇంకో కోడికి అంటిస్తాయి.

పెచ్చులు పీకవద్దు. రక్తం కారుతుంది, పుండు పెద్దదవుతుంది. రెండు మూడు వారాల్లో వాటంతటవే రాలతాయి. కళ్లు మూసుకుపోయిన పిల్లకు మేత కనబడదు. జబ్బుతో కాదు, ఆకలితోనే చచ్చేవి చాలా ఉంటాయి. చేత్తో పట్టుకుని మెత్తని మేత, నీళ్లు అందించాలి. నోటి లోపల తెల్లని పొర కడితే గాలి ఆడదు. అప్పుడు పశువుల డాక్టరుకు చూపించాలి.

కొక్కెర తెగులు

అన్నిటికంటే చెడ్డది ఇది. పిల్ల నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. పచ్చగా, తెల్లగా పారుతుంది. మెడ మెలి తిరుగుతుంది. ఊరు ఊరంతా కోళ్లు ఊడ్చుకుపోతాయి. దీన్ని రాణికెట్ జబ్బు అని కూడా అంటారు. రాణికెట్ అనేది ఉత్తరాన కొండల్లో ఒక ఊరు.

వచ్చాక దీనికి మందు లేదు. ముందే టీకా వేయించాలి. మొదటి వారంలో కంట్లోగానీ ముక్కులోగానీ ఒక చుక్క. నాలుగో వారంలో మళ్లీ చుక్క. ఎనిమిదో వారంలో సూది. మశూచి టీకా ఆరో వారం దగ్గర వేస్తారు. జబ్బు పడ్డ పిల్లకు టీకా వేయకూడదు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. టీకా సీసా ఒక్కటి తెరిస్తే వందకు పైగా కోళ్లకు వస్తుంది. కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. మిగిలింది దాచుకోవడానికి లేదు. తొమ్మిది పిల్లలున్న ఇల్లు సీసా ఏం కొంటుంది? అందుకే చాలామంది టీకా మాటే మరిచిపోతారు. వాడలో పదిమంది కలిస్తే సీసా సరిపోతుంది.

తెగులు తగిలిన కోడిని తొందర తొందరగా సంతలో అమ్మేస్తుంటారు. కొన్నవాళ్ల ఇంటికి తెగులు వెళుతుంది. సంత నుంచి తెచ్చిన కోడిని రెండు వారాలు వేరుగా ఉంచండి. చచ్చిన కోడిని కాలువలో వేయవద్దు. లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి. ఒక్కసారిగా చాలా కోళ్లు చస్తే వాటిని ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి కబురు పెట్టండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో కోళ్లు అలా చచ్చాయి. పరీక్ష చేస్తే బర్డ్ ఫ్లూ అని తేలింది. అది మనుషులకు కూడా అంటవచ్చు.

ఆ రాత్రి కోడలు సంఘం మీటింగులో అడిగింది. "మీ ఇళ్లలో ఎన్ని పిల్లలున్నాయి?" ఒకరు ఏడు అన్నారు. ఒకరు పదమూడు అన్నారు. అందరివీ పెద్ద కోళ్లతో కలిపి లెక్క రాసింది. నూట ఆరు. తలా కొంత వేసుకున్నారు.

మూడో రోజు తెల్లవారుజామునే ఐసు పెట్టిన ఫ్లాస్కులో సీసా వచ్చింది. అత్త పిల్లను పట్టుకుంది. ఒక్క చుక్క కంట్లో పడింది. పిల్ల రెప్ప కొట్టేదాకా ఆగి కింద వదిలింది. ఇంకో దాన్ని అందుకుంది.