చూడండి... ముట్టుకోకండి!

2006 సెప్టెంబరు 4. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరంలో బ్యాట్ రీఫ్. మొసళ్లతో చెలగాటమాడి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న స్టీవ్ ఇర్విన్ ఛాతీలోతు నీళ్లలో ఓ టేకు చేపను చిత్రీకరిస్తున్నాడు. అది ఒక్కసారిగా బెదిరింది. తోకకున్న ముల్లుతో పొడిచింది. ఆ దెబ్బ గుండెకే తగిలింది. 44 ఏళ్లకే ఇర్విన్ కన్నుమూశాడు.

నిజానికి టేకు చేప వెంటపడి కరిచే రకం కాదు. ఇసుకలో ఒళ్లు దాచుకుని పడుకునే సాధుజీవి. సముద్రంలో గాయాలు చాలావరకు ఇలాంటివే... అవి మన మీదికి రావు, మనమే వాటి మీదికి వెళ్తాం!

రుషికొండలోనో, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో స్కూబా డైవింగ్ సరదా తీర్చుకునే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే. నీళ్లలోకి దిగేముందు ఈ నాలుగు ముక్కలూ తెలుసుకుంటే మంచిది.

అది రాయి కాదు!

పగడపు దిబ్బల మధ్య అచ్చం నాచుపట్టిన బండలా పడి ఉంటుంది స్టోన్‌ఫిష్. దాని వీపు మీద 13 విషపు ముళ్లుంటాయి. పొరపాటున కాలు వేశారో, నొప్పికి విలవిల్లాడాల్సిందే. అందుకే నీటి అడుగున నిలబడకూడదు, చేతులతో దేన్నీ పట్టుకోకూడదు. తీరం దగ్గర నడవాల్సివస్తే గట్టి అడుగున్న బూట్లు వేసుకోవాలి. ఇసుకలో పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడిస్తే ఆ అలికిడికి టేకు చేపలు తప్పుకుంటాయి.

అందమైన గవ్వ కనిపించినా జేబులో వేసుకోవద్దు. కోన్ స్నెయిల్ అనే నత్త ఆ చిప్పలోంచే విషపు బాణం విసురుతుంది. దీనివల్ల మనుషులు చనిపోయిన సందర్భాలూ ఉన్నాయి.

కుట్టిందా... కంగారొద్దు

లోతులో ఉండగా ఏదైనా కుడితే చాలామంది చేసే మొదటి తప్పు ఊపిరి బిగబట్టి ఒక్క ఉదుటున పైకి రావడం. కుట్టిన జీవి కన్నా ఇదే ఎక్కువ ప్రమాదం! పది మీటర్ల లోతు నుంచి పైకి వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోని గాలి రెట్టింపు వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తులు చిట్లిపోవచ్చు. తోడున్నవారికి సైగ చేసి, మామూలుగా శ్వాస తీసుకుంటూ నెమ్మదిగా పైకి రావాలి.

వేడినీళ్లే మందు

టేకు, స్టోన్‌ఫిష్, లయన్‌ఫిష్ ముల్లు గుచ్చుకుంటే ఆ భాగాన్ని భరించగలిగినంత వేడినీళ్లలో ముంచాలి. 45 డిగ్రీలు దాటకూడదు. నొప్పిలో వేడి తెలియక కాలే ప్రమాదముంది కాబట్టి, పక్కనున్నవారు ముందు తమ చెయ్యి పెట్టి చూడాలి. అరగంట నుంచి గంటన్నర వరకూ ఉంచితే నొప్పి తగ్గుముఖం పడుతుంది. ఛాతీలోనో, పొట్టలోనో, మెడలోనో ముల్లు దిగితే మాత్రం పీకకూడదు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. గాయం చిన్నదైనా లోపల ముక్క మిగిలిందేమో చూపించుకోవాలి. ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతీ మరవొద్దు.

బాక్స్ జెల్లీఫిష్ తగిలితే కనీసం అరనిమిషం వెనిగర్ పోయాలి. మంచినీళ్లు పోయడం, ఇసుకతో రుద్దడం, మూత్రం పోయడం... ఇవన్నీ ముప్పును పెంచే పనులే. వానాకాలంలో ముంబయి తీరానికి కొట్టుకొచ్చే బ్లూబాటిల్‌కి మాత్రం పద్ధతి వేరు. సముద్రపు నీళ్లతో కడిగి, తీగల్ని తొలగించి, వేడినీళ్లు వాడాలి.

వీటికి విరుగుడు లేదు

నీలి వలయాల ఆక్టోపస్ అరచేతిలో ఇమిడేంత చిన్నది. కరిచినా నొప్పి పెద్దగా తెలియదు. కాసేపటికి కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోతుంది. ఈ విషానికీ, కోన్ స్నెయిల్ విషానికీ విరుగుడు మందు లేదు. కరిచినచోటా, ఆ చేతికో కాలికో వేళ్ల నుంచి పైదాకా గట్టిగా కట్టుకట్టి, కదలనివ్వకుండా, ఊపిరి ఆగితే నోటితో కృత్రిమ శ్వాస అందిస్తూ ఆసుపత్రికి చేర్చాలి. విషం ప్రభావం తగ్గేదాకా శ్వాస అందితే మనిషి బతుకుతాడు.

సముద్రపు పాము కాటుకూ ఇదే కట్టు. మన ఆసుపత్రుల్లో దొరికే పాము విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు తయారుచేసింది. సముద్రపు పాముకు అది పనిచేయదు. కాబట్టి పెద్దాసుపత్రికి వెళ్లడంలో ఆలస్యం కూడదు.

సముద్రం వాటి ఇల్లు. మనం చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లం. చుట్టాల్లా చూసి రావాలంతే!