నీటి క్రింది నగరము

ఒక మహానగరమును చూడబోవువారు దాని వీధులలో తిరిగి చూతురు. పల్నాటిలోని ఒక నగరమును మాత్రము మనము దానిమీదుగా లాంచీలో సాగుచు చూడవలెను. అదియే క్రీ. శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకులకు రాజధానియైన విజయపురి.

1926లో ఈ లోయలోని శిథిలములు వెలుగులోనికి వచ్చినవి. నాగార్జునసాగరము కట్టినచో లోయ యంతయు మునుగునని తెలిసి, 1954 నుండి 1960 వరకు పురావస్తుశాఖవారు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున విరివిగా త్రవ్వకములు జరిపిరి. ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని తరలించి, నాగార్జునకొండమీదను, ఒడ్డున అనుపులోను తిరిగి నిర్మించిరి. కొండ ద్వీపమైనది.

మాచర్లనుండి విజయపురి సౌత్ చేరి లాంచీ ఎక్కవలెను. శరత్తు తొలినాళ్లలో, ఎగువ వానలు బాగుగా కురిసిన యేట, జలాశయము 590 అడుగుల పూర్తి మట్టమునకు నిండి కన్నులపండువుగా నుండును. వరద, పెనుగాలి యున్న దినములలో ప్రయాణము సాగదు. ముందుగా విచారించుకొనుట మేలు.

ద్వీపమున దిగినంతనే మనము మొదట చూడవలసినది మ్యూజియములోని మునిగిన లోయ నమూనా. పిదప ప్రతి కట్టడము కడను, “ఇది మొదట ఎచ్చట నుండెను?” అని మార్గదర్శకుని అడుగవలెను. స్తూపములు, స్నానఘట్టము, అనుపులోని మెట్ల ప్రేక్షకశాల అప్పుడు విడివిడి వింతలుగా గాక ఒకే నగరములోని భాగములుగా తోచును. తిరుగు ప్రయాణమున ఆ నీరే మనకు వీధులను తలపించును.

1967 ఆగస్టు 4న కాలువలకు వదలిన ఆ నీరు కుడికాలువద్వారా పల్నాటి పొలములను తడుపుచున్నది. పైరుకొరకు మనము విడిచినదేమో బిడ్డలకు చూపుటకు ఈ లాంచీ ప్రయాణము తగిన సాధనము.