మీకు తెలుసా? కరవు సీమ రేవు పడవ పుట్టి

ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే కురిసే అనంతపురం పీఠభూమిలో పెన్న, చిత్రావతి నదులు ఎక్కువ కాలం ఇసుక మేటలుగానే ఉండటం వల్ల, గోదావరిపై తిరిగినటువంటి లాంచీలకు అక్కడ తావు లేకపోయింది. ఈ ప్రాంతానికి ఉత్తరాన పారే తుంగభద్రపై జనాన్ని దాటించినది పుట్టి, అంటే వెదురు బద్దలతో గంపలా అల్లి, అడుగున తోలు కప్పిన గుండ్రటి పడవ; దీనినే అరిగోలు అనీ అంటారు. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్ర ఒడ్డునున్న ఆనెగొంది రేవులో ఈ పుట్లు పదిహేను, ఇరవై మందిని మోసేవనీ, తిన్నగా సాగలేక గిరగిర తిరుగుతూనే ఏరు దాటేవనీ ఎంతో నిశితంగా నమోదు చేశాడు. రాతిగుండ్ల నడుమ, లోతు తక్కువ నీటిలో నడవటానికి ఇంతకన్నా తగిన పడవ లేదు. తోలు స్థానంలో తారు పూసిన ప్లాస్టిక్ పట్టా వచ్చినా, వెదురు అల్లిక నేటికీ మారలేదు.