తుప్పు తలుపు కింద మొదలవుతుంది
పికప్ వాహనాల యజమానులు ముందే చూసుకోవాల్సిన చోట్లు, మరమ్మతులో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

జహీరాబాద్: సముద్రం ఇక్కడికి వందల కిలోమీటర్ల దూరం. మంచు కరిగించేందుకు రోడ్లపై ఉప్పు చల్లే దేశమూ కాదు. అయినా జహీరాబాద్ పరిసరాల్లో తిరిగే పికప్ వాహనాలకు తుప్పు బెడద తప్పడం లేదు. వాయిదాలు తీరకముందే తొట్టి అడుగున రేకు చిల్లులు పడితే, ఆ బండి మీదే బతికే కుటుంబానికి అది చిన్న దెబ్బ కాదు.

వాహనాల తయారీ ఈ ఊరికి కొత్త కాదు. 1980లలో ఆల్విన్ నిస్సాన్ పేరుతో తేలికపాటి ట్రక్కులు తయారైంది ఇక్కడే. ఆ కర్మాగారం తర్వాత మహీంద్రా చేతికి వచ్చింది. నేటి కర్మాగారాల్లో వాహనం బాడీని రంగు ద్రావణంలో ముంచి, విద్యుత్తు ప్రసరింపజేసి మొదటి పూత పట్టిస్తారు. గన్‌తో కొట్టే రంగు చేరలేని మూలలకు సైతం ఆ పూత చేరుతుంది. అది చెదిరిన చోటే తుప్పుకు దారి. రాయి తగిలిన గీత, తొట్టిలో గడ్డపార పడిన సొట్ట, అదనపు కమ్మీల కోసం వేసిన రంధ్రం... ఇవన్నీ అలాంటి దారులే.

మోసే సరకులోనే ఉప్పు

ఇనుముకు గాలి, నీరు రెండూ తగిలితే తుప్పు పడుతుంది. అందులో ఉప్పు కలిస్తే ఆ పని ఎన్నో రెట్లు వేగంగా సాగుతుంది. ఇక్కడ ఆ ఉప్పు బస్తాల్లో వస్తుంది. రైతులు వాడే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ రసాయనికంగా పొటాషియం క్లోరైడ్, అంటే వంటింటి ఉప్పుకు దగ్గరి బంధువు. చిరిగిన బస్తా నుంచి రాలిన ఎరువు గాలిలోని తేమను పీల్చుకుని, వాన లేకపోయినా రేకును తడిగా ఉంచుతుంది. కోళ్ల ఎరువు, ఐసులో పెట్టిన చేపలు మోసే బండ్ల పరిస్థితి ఇంతకన్నా మెరుగు కాదు.

అల్లం, ఆలుగడ్డ సీజనులో సమస్య మరోలా ఉంటుంది. దుంపలతో వచ్చిన మట్టి తొట్టి మూలల్లో, చక్రాల పైకప్పుల అంచుల్లో పేరుకుంటుంది. పైన ఎండినట్లు కనిపించినా లోపల తడి రోజుల తరబడి ఆరదు. తొట్టిలో పరిచే రబ్బరు మ్యాట్ రేకును గీతల నుంచి కాపాడుతుంది కానీ, దాని కింద చేరిన నీటినీ కాపాడుతుంది. నెలకోసారైనా మ్యాట్ ఎత్తి రేకును ఎండబెట్టాలి.

ఎక్కడ చూడాలి?

తలుపుల కింది అంచున చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. అద్దం పక్కనుంచి లోపలికి దిగిన వాన నీరు వాటి గుండానే బయటికి పోవాలి. అవి మట్టితో మూసుకుపోతే తలుపు నీటితొట్టిగా మారి లోపలి నుంచి తినేసుకుంటుంది. పైన రంగు బుడగలా ఉబ్బే నాటికి లోపల నష్టం జరిగిపోయి ఉంటుంది. తుప్పు ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టే ఆ ఉబ్బు. సన్నని పుల్లతో ఈ రంధ్రాలు శుభ్రం చేసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు, పైసా ఖర్చు లేదు.

క్యాబిన్‌లో కాళ్ల కింది మ్యాట్, బ్యాటరీ కూర్చునే తట్ట కూడా చూడాలి. బ్యాటరీ ఆమ్లం ఒలికితే వంటసోడా కలిపిన నీటితో కడిగి, ఆరబెట్టి రంగు వేయాలి. ఎరువు దించిన రోజే తొట్టిని ఊడ్చి, నీళ్లతో కడగాలి. వాటర్ సర్వీసింగ్ చేయించేటప్పుడు పైన మెరుపు కన్నా అడుగుభాగం ముఖ్యమని గట్టిగా చెప్పాలి.

కాలిన ఇంజిన్ ఆయిల్‌ను అడుగున పూసే అలవాటు కొందరిలో ఉంది. అది ధూళిని పట్టి ఉంచుతుంది, రబ్బరు బుష్‌లను ఉబ్బిస్తుంది, కారి నేలను పాడు చేస్తుంది. దాని బదులు వర్షాకాలానికి ముందు అండర్‌బాడీ కోటింగ్ వేయించడం మేలు. అయితే మట్టిపైనో, పాత తుప్పుపైనో దాన్ని పూస్తే తడిని లోపల బంధించినట్లే. కడిగి, గీకి, పూర్తిగా ఆరాకే వేయాలి.

పుట్టీ మాటున...

మరమ్మతులో ఎక్కువ మోసం జరిగేది ఇక్కడే. తుప్పును అలాగే ఉంచి పుట్టీ పెట్టి, రంగు కొడితే బండి వారం రోజులు కొత్తగా కనిపిస్తుంది. పుట్టీ తేమను పీల్చుకుంటుంది. ఒకటి రెండు వర్షాకాలాల్లో అదే చోట మళ్లీ ఉబ్బుతుంది. పాత బండి కొనేవారు చిన్న అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్లడం మంచిది. మందంగా పుట్టీ ఉన్నచోట అది సరిగా అతుక్కోదు.

పైపై తుప్పయితే వైరు బ్రష్‌తో, ఉప్పు కాగితంతో లోహం మెరిసే దాకా రుద్ది, థిన్నర్‌తో తుడిచి అదే రోజు ప్రైమర్ వేయాలి. వాన రోజుల్లో తెల్లారే సరికి బోసి రేకు మళ్లీ ఎర్రబడుతుంది. ప్రైమర్‌తోనే వారాల తరబడి తిప్పడమూ తగదు, పై రంగు పడాల్సిందే.

చిల్లు పడితే మాత్రం పాత రేకు మీద కొత్త రేకు రివెట్లతో బిగించడం దండగ. రెండింటి నడుమ నీరు చేరి రెంటినీ తినేస్తుంది. గట్టి లోహం దొరికేవరకు కోసి, అదే మందం రేకును వెల్డింగ్‌తో అతకాలి. చాలామంది టింకరింగ్ పనివారు మరిచేది వెల్డింగ్ వెనుక వైపు. వేడికి అక్కడి రంగు కాలిపోతుంది. ఆ చోటికి ప్రైమర్, తర్వాత మైనం లాంటి పూత చేరకపోతే మరమ్మతు చేసిన చోటే మొదట పోతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, మ్యాట్లు తీసేయాలి, డీజిల్ ట్యాంకు దగ్గరైతే దాన్ని దించాలి. జింకు పూత ఉన్న రేకు పొగ పీలిస్తే జ్వరం వస్తుంది కనుక గాలి ఆడే చోట పని చేయాలి.

చాసిస్ సంగతి వేరు

బరువంతా మోసే చాసిస్‌కు తుప్పు పడితే అది అందానికి సంబంధించిన విషయం కాదు. అమెరికాలో కొన్ని పికప్‌లు, ఎస్‌యూవీల చాసిస్ తుప్పు వివాదంలో టయోటా సంస్థ 2016లో సుమారు 15 లక్షల వాహనాలకు వర్తించేలా, 340 కోట్ల డాలర్ల దాకా ఖర్చయ్యే రాజీకి అంగీకరించింది. అక్కడ ఉప్పు రోడ్డు మీది నుంచి వచ్చింది, ఇక్కడ బస్తా నుంచి వస్తుంది. సుత్తితో తేలికగా కొడితే ఖణేల్‌మనాల్సిన చాసిస్ బొద్దుగా మోగినా, పొరలు పొరలుగా రాలినా తయారీ సంస్థ సర్వీసు కేంద్రంలో చూపించాలి. రోడ్డు పక్క అతుకు వేయించుకుని ఎన్‌హెచ్ 65పై పూర్తి లోడుతో వెళ్లడం ప్రాణాలతో చెలగాటం. బ్రేకు గొట్టాలూ దాని పక్కనే సాగుతాయి, వాటినీ అప్పుడే చూడమని అడగాలి.

రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపై ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది. ఆ తేదీకి వారం ముందు హడావుడిగా రంగు కొట్టించే కన్నా, రెండు నెలల ముందు ఎండాకాలంలో బండిని ర్యాంపు ఎక్కించి చూపిస్తే రేకు పని తీరికగా, చవకగా పూర్తవుతుంది.