కొత్త తరం బండిని ఎప్పుడు నమ్మాలి?

పెద్ద కొడప్‌గల్ మీదుగా సంగారెడ్డి–నాందేడ్ జాతీయ రహదారి పోతుంది. ఆ దారి వెంట ఉన్న ఊళ్లలో ట్రాక్టరు కొనబోయే రైతుకు తోటి రైతులు చెప్పే సలహా ఒకటుంది: “కొత్త మోడల్ వచ్చిన ఏడాదే కొనకు. రెండు పంటలు పోనీ. ఏది ఖరాబైతదో అప్పటికి తెలుస్తది.” దీనికి ఎదురు వాదన కూడా వినిపిస్తుంది. పాతదాంట్లో ఉన్న లోపాలన్నీ చూసుకునే గదా కొత్తది చేస్తారు, అలాంటప్పుడు పాతదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు?

ఈ తగువు తీర్చడానికి ట్రాక్టరు అంత మంచి సాక్షి కాదు. ఒకే మోడల్ వేల పొలాల్లో వేల రకాలుగా నడుస్తుంది, ఎక్కడ ఎందుకు ఆగిందో లెక్క ఉండదు. రేసు కారు అలా కాదు. ఏ తరం ఏ రోజు మొదలైందో తారీఖుతో సహా తెలుస్తుంది. బళ్లన్నీ ఒకే రోజు, ఒకే దారి మీద పరుగెడతాయి. ఆగిపోతే అందరి కళ్ల ముందే ఆగుతాయి. అలాంటి కారు ఒకటి మన రాష్ట్రంలోనే పరుగెత్తింది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పోటీలో దిగినవి మూడో తరం విద్యుత్ రేసు కార్లు. ఆ తరానికి అది నాలుగో పోటీ మాత్రమే. అంటే రైతు భాషలో మొదటి పంట.

మొదటి తరం: ఒక డ్రైవరు, రెండు కార్లు

ఫార్ములా ఈ తొలి పోటీ 2014 సెప్టెంబరు 13న బీజింగ్‌లో జరిగింది. చివరి మలుపులో ముందున్న ఇద్దరూ గుద్దుకోవడంతో వెనక వస్తున్న లూకాస్ డి గ్రాసీ గెలిచాడు. మొదటి సీజన్‌లో జట్లన్నిటికీ ఒకే కారు ఇచ్చారు. చాసిస్ ఇటలీ సంస్థ డల్లారాది, మోటారు మెక్‌లారెన్‌ది, బ్యాటరీ విలియమ్స్‌ది. అర్హత పోటీలో 200 కిలోవాట్లు, అసలు పోటీలో 150 కిలోవాట్ల శక్తి మాత్రమే వాడనిచ్చారు.

ఆ బ్యాటరీలో వాడుకోగలిగింది 28 యూనిట్ల కరెంటు. అది సగం పోటీకే సరిపోయేది. అందుకని డ్రైవరు మధ్యలో పిట్‌లోకి వచ్చి, ఆ కారు దిగి, చార్జింగుతో సిద్ధంగా ఉన్న రెండో కారెక్కి మిగతా సగం పూర్తిచేసేవాడు. చూసినవాళ్లు నవ్వుకున్నారు. ఇంజనీర్ల వైపు నుంచి చూస్తే అది తెలివైన పనే. చేతిలో ఉన్న బ్యాటరీ ఎంత మోయగలదో తెలుసు, అంతకు మించి దాని మీద బరువు పెట్టలేదు.

రెండో సీజన్‌లో మోటారు, ఇన్వర్టర్, గేర్‌బాక్స్ (మూడూ కలిపి పవర్‌ట్రెయిన్) ఎవరికి వారు తయారుచేసుకోవచ్చన్నారు. కొత్తదనం మీద మోజుతో చాలామంది రంగంలోకి దిగారు. అమెరికాకు చెందిన ఆండ్రెట్టి జట్టు కూడా సొంత పవర్‌ట్రెయిన్ చేసుకుంది. పరీక్షల్లో అది మాటిమాటికీ మొరాయించింది. సీజన్ మొదలయ్యేలోపు ఆ జట్టు ఒక నిర్ణయం తీసుకుంది: కొత్తదాన్ని పక్కన పెట్టి, మొదటి ఏడాది వాడిన పాత పవర్‌ట్రెయిన్‌కే తిరిగివెళ్లింది. ట్రుల్లి జట్టు పరిస్థితి ఇంకా అధ్వానం. కార్లు సాంకేతిక తనిఖీ దాటలేక, ఆ సీజన్ మధ్యలోనే పోటీల నుంచి తప్పుకుంది. అక్కడికి చూస్తే “కొత్తది కొనకు” అన్న రైతు మాటే గెలిచినట్టు కనిపిస్తుంది.

లెక్క ఎక్కడ తప్పుతుంది?

యంత్రం నమ్మకం వెనక ఒక చిన్న గుణకారం ఉంది. బండిలో కీలకమైన భాగాలు నూరు ఉన్నాయనుకుందాం. ఏ ఒక్కటి పోయినా బండి ఆగిపోతుంది. ఒక్కో భాగం నూటికి 99 సార్లు సరిగ్గా పనిచేస్తుంది. వినడానికి బాగుంది. అయితే 0.99ని నూరుసార్లు గుణిస్తే వచ్చేది దాదాపు 0.37. అంటే నూరు ప్రయాణాల్లో 63 సార్లు బండి దారిలో ఆగుతుంది. అదే ఒక్కో భాగం పదివేలకు 9,999 సార్లు పనిచేస్తే బండి నూటికి 99 సార్లు గమ్యం చేరుతుంది. ఆ చివరి తొమ్మిదులు సంపాదించడం కాగితం మీద గీతలతో అయ్యే పని కాదు. నడపాలి, విరగాలి, ఎందుకు విరిగిందో చూడాలి, మార్చాలి.

అందుకే యంత్రాల వైఫల్యాల గ్రాఫు తరచూ స్నానపు తొట్టి ఆకారంలో ఉంటుందని ఇంజనీర్లు చెబుతారు. మొదట్లో డిజైన్ తప్పులు, బిగింపు లోపాలు బయటపడి వైఫల్యాలు ఎక్కువగా ఉంటాయి. అవి సర్దుకున్నాక చాలాకాలం గీత కిందనే సాగుతుంది. చివర్లో అరుగుదల వల్ల మళ్లీ పైకి లేస్తుంది. రెండు పంటలు ఆగమన్న రైతు చెప్పింది ఈ తొట్టి మొదటి గోడ గురించే.

రెండో తరం: కుదురుకున్న బండి, కనపడని తప్పు

2018 డిసెంబరులో సౌదీ అరేబియాలోని దిరియాలో రెండో తరం కారు వచ్చింది. మెక్‌లారెన్ అప్లైడ్ సంస్థ చేసిన బ్యాటరీలో వాడుకోదగ్గ కరెంటు 52 యూనిట్లు. ఒకే కారుతో 45 నిమిషాల పోటీ పూర్తయింది. దిగి ఎక్కే తతంగం పోయింది. శక్తి 250 కిలోవాట్లకు పెరిగింది. వెనక చక్రాల బ్రేకు మీద కంప్యూటర్ పెత్తనం మొదలైంది. డ్రైవరు పెడల్ నొక్కగానే మోటారుతో ఎంత ఆపాలి, హైడ్రాలిక్ బ్రేకుతో ఎంత ఆపాలి అన్నది సాఫ్ట్‌వేర్ పంచుతుంది.

ఈ తరం నాలుగు సీజన్లు నడిచింది, మొత్తానికి మంచి పేరే తెచ్చుకుంది. కానీ మూడో సీజన్‌లో, అంటే లోపాలన్నీ సర్దుకుని ఉండాల్సిన కాలంలో, 2021 ఫిబ్రవరిలో దిరియాలోనే ఒక ప్రమాదం జరిగింది. ప్రాక్టీసు చివర ఎడొఆర్డో మోర్టారా కారు ఆగకుండా వెళ్లి గోడను గుద్దింది. ముందు బ్రేకు విఫలమైంది. అలాంటప్పుడు వెనక బ్రేకు ఆదుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఒక విలువ తప్పుగా ఉండటం వల్ల ఆ రక్షణ పనిచేయలేదు. మోర్టారా కారులోని మెర్సిడెస్ పవర్‌ట్రెయినే వాడుతున్న నాలుగు కార్లనూ ఆ రోజు అర్హత పోటీకి అనుమతించలేదు. తప్పు సరిదిద్దాకే పోటీలోకి రానిచ్చారు. ఆ ఏడాది చాంపియన్ అయింది మాత్రం మెర్సిడెస్ డ్రైవరే.

ఇక్కడ తొట్టి గ్రాఫు ఒక్కటే చాలదని తెలుస్తుంది. బేరింగు అరిగితే చప్పుడు చేస్తుంది, మెకానిక్ చెవికి దొరుకుతుంది. సాఫ్ట్‌వేర్ అరగదు. మొదటి రోజునే అందులో ఉన్న తప్పు, దాన్ని లేపే పరిస్థితి ఎదురయ్యేదాకా ఏళ్ల తరబడి నిద్రపోతుంది. బండి పాతబడినంత మాత్రాన దానిలోని తప్పులన్నీ బయటపడ్డట్టు కాదు.

మూడో తరం: వెనక బ్రేకు తీసేసిన ధైర్యం

2022 ఏప్రిల్‌లో మొనాకోలో చూపించిన మూడో తరం కారు చిన్న మార్పులతో వచ్చింది కాదు. వెనక మోటారు 350 కిలోవాట్లు, అంటే దాదాపు 470 హార్స్‌పవర్. ముందు ఇరుసుకు ఇంకో మోటారు పెట్టారు. అది కారును తోయడానికి కాదు, బ్రేకు వేసినప్పుడు కరెంటు పట్టడానికి. రెండూ కలిసి 600 కిలోవాట్ల దాకా వేగాన్ని తిరిగి కరెంటుగా మార్చగలవు. బరువు పాతదాని కన్నా సుమారు 60 కిలోలు తగ్గించారు.

ఆ అంకెల అర్థమేమిటో చూద్దాం. 850 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకోండి. దాని చలనశక్తి సుమారు 13 లక్షల జౌళ్లు, అంటే ఒక యూనిట్ కరెంటులో మూడో వంతు పైచిలుకు. వేగం 60కి తగ్గేసరికి అందులో తొంభై శాతం బయటికి రావాలి. 600 కిలోవాట్ల చొప్పున లాగితే అందుకు రెండు సెకన్లు పడుతుంది. పాత కార్లలో ఇందులో పెద్ద వాటా బ్రేకు ప్లేట్ల వేడిగా గాలిలో కలిసేది. మూడో తరంలో పోటీ మొత్తానికి వాడనిచ్చే కరెంటు 38.5 యూనిట్లే. పొలంలో 5 హెచ్‌పీ బోరు మోటారు ఆ కరెంటును తొమ్మిది పది గంటల్లో తాగుతుంది. ఈ కారు గంటలోపే ఖర్చుపెడుతుంది, కాబట్టి ప్రతి మలుపులో వెనక్కి పట్టిందే దానికి ఆధారం.

మోటార్లే ఇంత బాగా ఆపుతున్నప్పుడు వెనక హైడ్రాలిక్ బ్రేకులెందుకని తీసేశారు. డిస్కులు, కాలిపర్లు, పైపులు పోయాయి. భాగాలు తగ్గితే పైన చెప్పిన గుణకారం ప్రకారం నమ్మకం పెరగాలి. కానీ పోయిన భాగాల పని ఎవరి మీద పడిందో చూడాలి. ఇప్పుడు వెనక చక్రాలు ఆగాలంటే మోటారు, ఇన్వర్టర్, బ్యాటరీ, వాటి మధ్య మాట్లాడే సాఫ్ట్‌వేర్ అన్నీ బతికి ఉండాలి. ఏదో తేడా కనిపించి రక్షణ వ్యవస్థ బ్యాటరీని ఆపేసిందంటే, అప్పటిదాకా తోసిన శక్తితోపాటు ఆపే శక్తీ మాయమవుతుంది. మునుపు బ్యాటరీ ఆగితే కారు నిలిచిపోయేది, అంతే. ఇప్పుడు ఆగాల్సిన చోట ఆగకపోవడమనే కొత్త ప్రమాదం పుట్టింది. పరీక్షల్లో ఈ భయం నిజమని తేలాక, అత్యవసరానికి వెనక అదనపు బ్రేకు పెట్టాల్సి వచ్చింది.

పోటీ మధ్యలో వేగంగా చార్జింగు చేయడం కూడా మొదట్లోనే అన్నారు. ఆ పరికరాలు నమ్మదగ్గ స్థితికి రాలేదు. 30 సెకన్లలో పది శాతం కరెంటు నింపే ఆ చార్జింగు చివరికి 2025 ఫిబ్రవరిలో జెద్దాలోగాని అమల్లోకి రాలేదు. సిద్ధం కానిదాన్ని వాయిదా వేయడం కూడా నమ్మకం సంపాదించుకునే పద్ధతుల్లో ఒకటి.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున

మూడో తరం తొలి పోటీ 2023 జనవరి 14న మెక్సికో సిటీలో జరిగింది. తర్వాత దిరియాలో రెండు, ఆపైన హైదరాబాద్. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు పరిసరాల్లో 2.83 కిలోమీటర్లు, 18 మలుపులతో ట్రాక్ వేశారు. దేశంలో ఫార్ములా ఈ జరగడం అదే మొదలు. దిగిన జట్లలో 2014 నుంచీ ఉన్న మహీంద్రా ఒకటి. జహీరాబాద్ కర్మాగారంలో ట్రాక్టర్లు తయారుచేసే మహీంద్రాదే ఆ జట్టు కూడా.

ఆ రోజు ఫలితాన్ని తేల్చింది యంత్రాల మొరాయింపు కాదు, మనుషులే. ముందు వరసలో నుంచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్‌ను సొంత జట్టు సహచరుడు సామ్ బర్డ్ మలుపులో గుద్దడంతో వాళ్ల జట్టు జాగ్వార్ ఆశలు అక్కడే ఆగాయి. జాన్ ఎరిక్ వెర్న్ చివరిదాకా నిక్ కాసిడీని కాచుకుని గెలిచాడు. మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బుయెమీకి, అనుమతించిన దానికన్నా ఎక్కువ శక్తి వాడాడని జరిమానా పడింది, ఆ స్థానం అంటోనియో ఫెలిక్స్ డ కోస్టాకు దక్కింది.

కొత్త తరం మీద అనుమానాలు తీరాయనుకునేలోపు, సరిగ్గా రెండు వారాలకు కేప్‌టౌన్‌లో లోపం బయటపడింది. వెనక సస్పెన్షన్ భద్రతపై సందేహంతో మహీంద్రా తన రెండు కార్లనూ పోటీ నుంచి వెనక్కి తీసుకుంది. మహీంద్రా పవర్‌ట్రెయిన్‌నే వాడుతున్న అబ్ట్ కుప్రా జట్టు కార్లు రెండూ ఆగిపోయాయి. అన్ని కార్లూ మూడో తరానివే అయినా దెబ్బ తిన్నవి ఆ నాలుగే. ఒకే తరంలో కూడా ఎవరి తయారీ వారిదే. కార్లు నిలబెట్టినందుకు జట్టు పరువు పోయిందన్నవారున్నారు. అనుమానం ఉన్న కారును గంటకు రెండు వందల వేగంతో గోడల మధ్యకు పంపకపోవడమే ఆ వారంలో జరిగిన మంచి ఇంజనీరింగు.

ఆ సీజన్ చాంపియన్ జేక్ డెన్నిస్. మెక్సికోలో మూడో తరం తొలి పోటీ గెలిచింది అతనే. అతని జట్టు ఆండ్రెట్టి, అప్పట్లో కొత్త పవర్‌ట్రెయిన్‌ను వదిలి పాతదానికి వెళ్లిన అదే ఆండ్రెట్టి. ఈసారి పోర్షె చేసిన కొత్త పవర్‌ట్రెయిన్‌తో గెలిచింది. పాతదే గొప్పదన్న మూఢనమ్మకం ఆ జట్టుకు అప్పుడూ లేదు, కొత్తదే గొప్పదన్న మోజు ఇప్పుడూ లేదు. చేతిలో ఉన్నది పరీక్షలో నిలిచిందా లేదా అన్నదొక్కటే చూసింది.

హైదరాబాద్‌కు 2024 ఫిబ్రవరిలో రెండోసారి రావలసిన పోటీ ఆ ఏడాది జనవరిలోనే రద్దయింది. కార్లు మాత్రం ముందుకు నడిచాయి. 2024 డిసెంబరులో మూడో తరానికి సవరించిన రూపం వచ్చింది. ముందు మోటారుకు కొన్ని సందర్భాల్లో చక్రాలను తిప్పే పని కూడా ఇచ్చారు, బయటి బాడీని గట్టిపరిచారు. 2026–27 సీజన్‌కు నాలుగో తరం కారును సిద్ధం చేశారు. దాని మొదటి ఏడాదిలోనూ కొన్ని కార్లు ఆగుతాయి. అలా ఆగకుండా పరిపక్వతకు వచ్చిన తరం ఇప్పటిదాకా లేదు.

కొనేవాడు అడగాల్సింది

మన ఊళ్లలో విద్యుత్ స్కూటర్లు, ఆటోలు తిరుగుతున్నాయి. కొత్త మోడల్ తీసుకోవాలా, ఆగాలా అన్న ప్రశ్నకు రేసు కారు చెప్పే జవాబు రైతు సలహా కన్నా కొంచెం పొడుగైంది. మొదట, పాత మోడల్ నుంచి ఏం మార్చారో అడగాలి. రంగు, లైట్లు మారితే అది పాత బండే, దాని పాత అనుభవం కొత్తదానికీ వర్తిస్తుంది. బ్యాటరీ, మోటారు, బ్రేకు మారితే కాలాన్ని మళ్లీ సున్నా నుంచి లెక్కపెట్టుకోవాలి. రెండోది, ఏదైనా భాగం తీసేశామని గొప్పగా చెబితే, దాని పని ఎవరికి అప్పజెప్పారో అడగాలి. మూడోది అన్నిటికన్నా ముఖ్యం: కరెంటు పోయిన క్షణంలో బ్రేకు పడుతుందా, స్టీరింగు తిరుగుతుందా?

ఎంత పాతది, ఎంత కొత్తది అన్నది ఈ మూడింటి తర్వాతి ప్రశ్న. ఏళ్లు గడిచినంత మాత్రాన యంత్రానికి నమ్మకం రాదు. ఆగిన ప్రతిసారీ ఎందుకు ఆగిందో విప్పి చూసి, మళ్లీ అదే కారణంతో ఆగకుండా చేసే మనిషి దాని వెనక ఉంటేనే వస్తుంది. షోరూంలో బండి చూసి వచ్చేటప్పుడు పక్కనున్న సర్వీసు షెడ్డులోకి కూడా ఒకసారి తొంగిచూడటం అందుకే మంచిది.